పక్కకు చూసిన మనిషి

పలచటి పుస్తకం ఏదైనా తీసుకుని సరిగ్గా నడిమికి తెరిచి చూడండి. రెండు ఇనుప పిన్నులు కనిపిస్తాయి. రాసినవాళ్ల పేరు అట్ట మీద ఉంటుంది. బొమ్మలేసినవాళ్ల పేరు లోపలి పేజీలో ఉంటుంది. అచ్చేసిన ప్రెస్సు పేరు వెనక అట్ట కింద సన్నగా ఉంటుంది. ఆ పిన్నులు కొట్టినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా ఉండదు. సూర్యాపేటలో ఒక ప్రెస్సులో ఇరవై ఆరేళ్లు ఆ పిన్నులు కొట్టాను నేను.

మూడో తరగతితో నా బడి అయిపోయింది. కూడబలుక్కుని చదువుతాను. రాయడం వచ్చు గానీ చెయ్యి నోటంత వేగంగా నడవదు. అయితే విన్నది మరిచిపోను. మా అత్త వడ్లు చెరుగుతూ చెప్పిన మాటలు ఏ రోజు ఏ చాట పట్టుకుని చెప్పిందో కూడా నాకు గుర్తే. ఈ జ్ఞాపకం వల్లనే ఆ ప్రెస్సులో నాకు కొంచెం పేరొచ్చింది. దీనివల్లనే ఒక తప్పూ జరిగింది. ఇది పుస్తకాల మీద ఇష్టమున్న పిల్లలకు చెప్పాల్సిన సంగతి కాబట్టి రాస్తున్నాను.

మా బల్ల దగ్గర నలుగురు ఆడవాళ్లం. అచ్చయిన పెద్ద కాగితాలు వస్తే మడతపెట్టడం, వరుసగా పేర్చడం, పిన్నులు కొట్టడం, కటింగ్ మిషన్‌కు పంపడం మా పని. పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు, పరీక్ష పేపర్లు, ఎన్నికలొస్తే రెండు పార్టీల కరపత్రాలు ఒకే బల్ల మీద. ఒకరినొకరు తిట్టుకునే కాగితాలను మేం పక్కపక్కనే కట్టలు కట్టేవాళ్లం. ఏ పని వచ్చినా అంతే, చేతుల్లోంచి పోయేది, మనసులోకి వచ్చేది కాదు.

నేను ఉద్యోగం మానడానికి ఆరేడేళ్ల ముందు ఒక రిటైరైన తెలుగు సారు వచ్చాడు. ఆయన జీవితమంతా కోదాడ చుట్టుపక్కల బళ్లలో పనిచేశాడు. తెలంగాణ సాయుధ పోరాటం మీద పిల్లలకు ఒక బొమ్మల పుస్తకం వెయ్యాలని ఆయన కోరిక. ప్రతి పేజీలో పెద్ద బొమ్మ, కింద మూడు నాలుగు వాక్యాలు.

"పెద్ద పెద్ద పుస్తకాలు శానా ఉన్నయి సార్. గిదెందుకు?" అన్నాడు మా సేటు, అంటే ప్రెస్సు ఓనరు.

"ఆరో తరగతి పిల్లలను అడిగిన. మీ తాతలు సంఘంల ఉండిరి, ఎరుకేనా అన్న. ఒక పోరి లేచి, ఎరుకే సార్, మా అమ్మ గూడ ఉన్నది, నెలనెల పొదుపు కడ్తది అన్నది. అందుకు" అన్నాడు సారు.

సారు అడిగింది పోరాటం నడిపిన సంఘం, ఆ పిల్ల చెప్పింది పొదుపు సంఘం. బల్ల దగ్గర మేమంతా నవ్వాం. సారు కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వు ఆయనకు ఎక్కువసేపు నిలవలేదు.

బొమ్మలు వేయడానికి కోదాడ నుంచి ఒక డ్రాయింగ్ మాస్టారు వచ్చాడు. నలభై దాటిన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. మా బల్ల పక్కన కిటికీ వెలుతురు బాగుంటుందని అక్కడే కుర్చీ వేసుకుని సెలవు రోజుల్లో కూర్చునేవాడు. ఆయన వేసిన మొదటి బొమ్మ నాకింకా కళ్ల ముందుంది. ఆడవాళ్లు దళానికి అంబలి కడవలు మోసుకుపోతున్నారు. కడవలన్నీ చంకన పెట్టాడు.

"మాస్టారూ, అంత దూరం చంకన పెట్టుకుని ఎట్ల పోతరు? మా దిక్కు నెత్తి మీద పెట్టుకుంటరు" అన్నాను, మడత పెడుతూనే.

ఆయన తలెత్తి, "అవునా అక్కా? ఇంకేమేం తప్పులున్నాయి?" అని అడిగాడు.

అడిగితే ఆగుతానా. ఆ పోరాటం రోజుల గురించి మా అత్త చెప్పినవన్నీ చెప్పాను. కొంగులో కారప్పొడి మూట ఎటు దోపుకునేవాళ్లో, రాళ్లు విసిరే వడిసెల ఏ చేత్తో తిప్పేవాళ్లో, చీటీలు గడ్డిమోపులో ఎక్కడ పెట్టేవాళ్లో. ఆయన రబ్బరు పెట్టి చెరిపేవాడు, మళ్లీ గీసేవాడు. సారు వచ్చి చూసి, "గిది నిజం లెక్కున్నది" అన్నప్పుడల్లా మాస్టారు నా వైపు చెయ్యి చూపించేవాడు. మూడో తరగతి చదువుకు అంత మర్యాద అంతకు ముందు దొరకలేదు. నా నడకలో కూడా తేడా వచ్చిందని నా పక్కన కూర్చునే వదినె ఎగతాళి చేసేది. వదినె అంటే నా చుట్టం కాదు, బల్ల దగ్గర వరస.

"మా వదినె ఇప్పుడు పిన్నులు కొట్టదు. పుస్తకాలు రాస్తది" అనేది.

ముఖాలకు మాత్రం కష్టమయింది. పాతకాలం మనుషుల ముఖాలు మాస్టారుకు ఊహకు అందలేదు. సారు ఒక పాత ఫోటో తెచ్చి ఇచ్చాడు. జైలు నుంచి విడుదలైన రోజు తీసింది. పదకొండు మంది, రెండు వరుసలు. ఎవరో పాత కార్యకర్త ఇంటి గోడ మీద ఉంటే అడిగి తెచ్చాడట. అందులో ఉన్నవాళ్లలో ఇద్దరు ముగ్గురి పేర్లే సారుకు తెలుసు. మిగతావాళ్లు ఎవరో తెలియదు. తలపాగాలు, గోచీలు, గడ్డాలు ఎట్లా ఉండేవో చూసుకొమ్మని ఇచ్చాడు. మాస్టారు ముఖాలు కూడా అందులోంచే తీసుకున్నాడు. ఒకరి ముఖం దళ నాయకుడికి, ఒకరిది వెట్టి చేసే మనిషికి, ఒకరిది ఊరి పెద్దకు.

చివరికి ఒక్క బొమ్మ మిగిలింది. దళం దాక్కున్న చోటును పోలీసు క్యాంపు వాళ్లకు చూపించిన ద్రోహి. మాస్టారు మూడుసార్లు వేశాడు. మూడుసార్లూ సారు వద్దన్నాడు. ఒకసారి పెద్ద మీసాలు, ఒకసారి చెంప మీద పుట్టుమచ్చ. "సినిమాల విలన్ లెక్కున్నడు సార్. ద్రోహి మన పక్కింటోని లెక్కుంటడు" అన్నాడు సారు.

సారు వెళ్లాక మాస్టారు పెన్సిలు కింద పెట్టి మమ్మల్ని అడిగాడు. "ఏవమ్మా, మీరు చెప్పండి. ద్రోహి ముఖం ఎట్టా ఉంటుంది?"

"మా సేటు ముఖం పెట్టుండ్రి" అంది వదినె నెమ్మదిగా. అద్దాల గదిలో సేటు ఫోన్‌లో ఉన్నాడు.

అందరూ నవ్వుతుంటే నేను లేచి చేతులు తుడుచుకుని ఫోటో తీసుకుని చూశాను. పదిమంది సూటిగా కెమెరా వైపు చూస్తున్నారు. వెనక వరుసలో కొసకున్న ఒక మనిషి పక్కకు చూస్తున్నాడు. దవడలు లోపలికి పోయిన బక్క మనిషి.

"గీయన. అందరు ముంగటికి చూస్తుంటె ఈయన సూపు ఎటో ఉన్నది. సక్కని మనసున్నోడు సక్కగ చూస్తడు" అన్నాను.

మాస్టారు ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. "నిజమేనక్కా" అన్నాడు. అరగంటలో బొమ్మ అయిపోయింది. అదే దవడ, అదే పక్కచూపు, ఒక చెయ్యి మాత్రం గుట్ట వైపు చాచి ఉంది. సారుకు మొదటిసారే నచ్చింది.

ప్రూఫులు సారు ఎర్ర పెన్నుతో మూడుసార్లు చూశాడు. ఒక్క అక్షరం తప్పు పోనివ్వలేదు. బొమ్మలకు ప్రూఫు చూసేవాళ్లు లేరు.

వెయ్యి పుస్తకాలు అచ్చయ్యాయి. ఆ పిన్నులు నేను మురిసిపోతూ కొట్టాను.

ఆవిష్కరణ మిర్యాలగూడలో ఒక బడిలో పెట్టారు. పుస్తకాల కట్టలతో పాటు నేను కూడా పోయాను, అమ్మే బల్ల దగ్గర కూర్చోవడానికి. బియ్యం మిల్లుల ఊక గాలికి వచ్చి తెల్ల టేబుల్ గుడ్డ మీద పడుతుంటే దులుపుతూ కూర్చున్నాను. త్రిపురారం వైపు ఒక ఊరి నుంచి ఒక పెద్దావిడను పిలిపించారు. ఆమె తండ్రి దళానికి అన్నం పెట్టి జైలుకు పోయినవాడని, క్యాంపులో ఎంత కొట్టినా నోరు విప్పలేదని సారు విని ఉన్నాడు. ఆ తండ్రిని సారు ఎప్పుడూ చూడలేదు. పెద్దావిడకు శాలువా కప్పారు, చేతిలో పుస్తకం పెట్టారు.

ఒక టీచరమ్మ మైకు ముందు మాట్లాడుతోంది. పెద్దావిడ వేదిక మీద కుర్చీలో కూర్చుని వేలు తడి చేసుకుని పేజీలు తిప్పుతోంది. చదువు రాదని తెలుస్తూనే ఉంది, బొమ్మలు చూస్తోంది. నేను కట్టిన పుస్తకాన్ని మనుషులు ఎట్లా తిప్పుతారో చూడటం నాకు అలవాటు, అందుకే ఆమెనే చూస్తున్నాను. అంబలి కడవల దగ్గర నవ్వింది. వడిసెల దగ్గర తలాడించింది. ఒక పేజీ దగ్గర ఆగింది. వెనక్కి తిప్పింది, మళ్లీ ముందుకు తిప్పింది. అరచెయ్యి ఆ పేజీ మీద పెట్టింది.

టీచరమ్మ మాట ముగించి మైకును వాళ్ల ముందున్న టేబుల్ మీద పెట్టింది. పెద్దావిడ పక్కనున్న సారు వైపు వంగి అడిగింది. "సారూ, గీ బొమ్మ కింద ఏం రాసిండ్రు?"

సారు సంతోషంగా చెప్పాడు. "గీడు ద్రోహి అమ్మా. మనోళ్లు దాసుకున్న జాగ పోలీసోళ్లకు చూపిచ్చినోడు."

"గీయన మా నాయిన" అంది.

మైకు ఆపలేదు ఎవరూ. ఆ మాట హాలంతా వినిపించింది. అప్పటికే నలభై మంది దాకా పుస్తకం కొనుక్కుని ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. ఆ మాట విని అందరూ ఒకేసారి ఆ పేజీ వెతకడం మొదలుపెట్టారు. ఆ కాగితాల చప్పుడు నేను మరిచిపోలేదు.

పెద్దావిడ శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీలో ఉంచి, మెట్లు దిగింది. డ్రాయింగ్ మాస్టారు ముందు వరుసలో ఉన్నాడు. ఆయన ముందు ఆగింది.

"నువ్వా నాయినా గీసింది?"

"అవునమ్మా."

"మా నాయినను ఎన్నడన్న చూసినవా?"

"లేదమ్మా."

"మరి ద్రోహి అని నీకెవలు చెప్పిండ్రు?"

అక్కడికి మూడడుగుల దూరంలో నేను కూర్చున్నాను. మాస్టారు నా వైపు తలతిప్పలేదు. "తప్పయిపోయిందమ్మా" అన్నాడు, అంతే. నేను టేబుల్ గుడ్డ మీద ఊక దులుపుతూ ఉండిపోయాను.

ఆమె వెళ్తూ సారుతో ఒక మాట అంది. "సారూ, మా నాయిన నాకు భూమి ఇయ్యలే. నోరు ఇప్పలేదు అన్న ఒక్క మాట ఇచ్చిపోయిండు. నా మునిమనుమలు గిసోంటి బడుల్లనే చదువుతున్నరు. రేపు ఆళ్లు ఏ ముఖంతో పోతరు?"

మర్నాడు ప్రెస్సులో పంచాయితీ. సేటు వెయ్యి పుస్తకాలు ఎట్లా పారేస్తామని అంటాడు. సారు అటూ ఇటూ తిరుగుతూ, "పేరైతే రాయలేదు గద. ముఖం చూసి పోల్చేటోళ్లు ఆ ఊర్ల ఎంతమంది ఉన్నరు? ఆమె తప్ప" అంటాడు. ఆయన మాటను ఆయనే నమ్మడం లేదని తెలుస్తూనే ఉంది. చివరికి కోపం మాస్టారు మీదికి పోయింది. "ఇన్ని ముఖాలుంటె ఆ ముఖమే ఎట్ల దొరికింది ఆయనకు? ఇంక ఆయనతోని నాకు పని లేదు" అన్నాడు. మాస్టారు ఆ రోజు రాలేదు. రావద్దని సారే ఫోన్ చేశాడట.

వదినె మోచేత్తో నన్ను పొడిచింది. "చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"ఉండవే."

"ఉంట. పది లెక్కపెడ్త."

ఆమె నిజంగానే వేళ్లు ముడవడం మొదలుపెట్టింది. ఆరో వేలు దగ్గర నేను లేచాను.

"సార్, ఆ ముఖం సూపెట్టింది నేను" అన్నాను.

సారు నిలబడిపోయాడు. "నిన్నెవలు అడిగిండ్రమ్మా?"

"మాస్టారే అడిగిండు. ఆయన పక్కకు చూస్తున్నడని నేనే చెప్పిన."

సేటు అన్నాడు, "బైండింగ్ చేసేటోళ్లు బైండింగ్ చెయ్యాలె." ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. పైగా అందులో తప్పు పట్టడానికేమీ లేదు. పుస్తకం గడగడా చదవలేకపోయినా మనిషి ముఖం చదవగలనని మురిసిపోయిన దాన్ని నేను.

సారును ఫోటో అడిగాను. ఎందుకని అడగకుండా ఇచ్చాడు.

బస్సులో మిర్యాలగూడ, అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరు. కాల్వకు నీళ్లు వదిలిన రోజులు, దారిపొడవునా నాట్లు పడుతున్నాయి. పెద్దావిడ ఇంటి ముందు మంచం మీద కూర్చుని గోంగూర తుంచుతోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"పుస్తకాలు అమ్మినామెవు గద. ఇంకేం అమ్మ వచ్చినవ్?"

"అమ్మ రాలేదు పెద్దమ్మా. గీసింది ఆ మాస్టారు గానీ, ఆ ముఖం పెట్టమని సూపెట్టింది నేను."

ఆమె చేతిలో కాడ తుంచడం ఆపలేదు. "మా నాయిన నీకేం చేసిండు బిడ్డా?"

"ఏం చెయ్యలే. ఆయనెవలో గూడ నాకు తెల్వదు. ఫోటోల అందరు ముంగటికి చూస్తుంటె ఆయనొక్కడే పక్కకు చూస్తున్నడు. అందుకు..."

"ఏం ఫోటో?"

ఆ ఫోటో ఆమె ఎప్పుడూ చూడలేదని నాకప్పుడు తెలిసింది. సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆమె చేతులు చీరకు తుడుచుకుని అందుకుంది. దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. తర్వాత మంచం మీద పరిచి, తండ్రి కళ్ల మీద వేలు పెట్టింది. ఆ కళ్లు ఎటు చూస్తున్నాయో అటే వేలు జరుపుకుంటూ పోయింది. ఫోటో అంచు దాటింది. అట్ట దాటి మంచం నులక మీద ఆగింది.

"నేను గీడున్న" అంది.

ఆమె చెప్పింది ఇది. తండ్రిని పట్టుకుపోయేనాటికి ఆమె పాలు తాగే పిల్ల. విడుదలయిన రోజు తల్లి ఎత్తుకుని పోయింది. గడ్డం పెరిగిన మనిషిని చూసి తండ్రి అని పోల్చుకోలేక దగ్గరికి పోలేదు. ఈలోపు ఫోటో తీసేవాడు వచ్చి నల్లగుడ్డ కప్పుకుని వంగేసరికి భయపడి ఏడుపు అందుకుంది. అందరూ ఇటు చూడండయ్యా అంటే పదిమంది అటు చూశారు. తండ్రి చూడలేదు.

"మా అమ్మ సచ్చేదాక దెప్పింది. నీ ఏడుపుకు మీ నాయిన ఫోటో ఖరాబైంది అని. ఆ ఫోటో యాడున్నదో అని మేము ఎన్నేండ్లు అడిగినమో. నువ్వు తెచ్చినవ్" అంది.

ఆమె ముందు గోంగూర కట్టలుంటే ఒకటి తీసుకుని నేనూ తుంచడం మొదలుపెట్టాను. ఆమే అడిగింది.

"ఇగ ఏం చేస్తరు?"

"ఆ ముఖం తీసేస్తం పెద్దమ్మా."

"తీసి ఎవలది పెడ్తరు?"

"మాస్టారు ఏదన్న కల్పించి గీస్తడు."

"కల్పిస్తె మల్ల ఎవల లెక్కనో ఒకల లెక్క ఉంటది. ముఖం ఊకె పుడ్తదా?"

ఆమె నాతో మాట కలిపిందన్న ధైర్యంతో నేను అడగకూడనిది అడిగాను. "నిజంగ చూపిచ్చినోడు ఎవడో నీకు ఎరుకేనా?"

"ఎరుకే. మా నాయిన పోయేముందు చెప్పిండు. ఎవ్వలకు చెప్పకు అని గూడ చెప్పిండు." వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించకుండానే అంది. "ఆని మనుమలు, మునిమనుమలు ఈ ఊర్లనే ఉన్నరు. నాకు జరమొస్తె బండి మీద దవాఖానకు తీస్కపోయేది ఆళ్లే. ఆళ్లకు తెల్వదు. నాకు జరిగింది ఆ పిల్లలకెందుకు జరగాలె? ఎవ్వల ముఖం పెట్టకుండ్రి."

లేవబోతుంటే ఇంకో మాట చెప్పింది. "మీ సారుకు చెప్పు. మైకుల పోయిన మాట మైకులనే తిరిగి రావాలె. అదే బడి, అవే పిల్లలు. నేను రాను."

ఈ సంగతంతా సారుకు చెప్పాను, ద్రోహి ఎవరో ఆమెకు తెలుసన్న ఒక్క మాట తప్ప. సారు మొదట ఒప్పుకోలేదు. "ముఖం లేకపోతె పిల్లలకు ఎట్ల అర్థమైతది? ద్రోహి కూడ మనిషే, మనూరోడే అని తెలవాలె గద. లేకపోతె చరిత్ర సగమే చెప్పినట్టు" అన్నాడు. అదీ నిజమే. కోదాడకు నేనే ఫోన్ చేసి మాస్టారును రమ్మన్నాను. వచ్చినప్పుడు క్షమించమని అడిగితే ఆయన, "మీరు చూపించారక్కా, గీసింది నా చెయ్యేగా. ఈయనెవరండీ అని సారును ఒక్క ముక్క అడిగుంటే సరిపోయేది. అడగలేదు" అన్నాడు. సారు కూడా ఆయన ముందు కుర్చీ జరిపి, "తప్పు నాది గూడ మాస్టారూ. ఫోటో నేనిచ్చిన, బొమ్మ నేను చూసిన" అన్నాడు. ముగ్గురం తలా కొంచెం పంచుకుంటే తప్పు తేలికవుతుందని అనుకున్నాం. తేలిక కాలేదు గానీ పని మొదలైంది.

మాస్టారు ఆ మనిషిని వెనక నుంచి గీశాడు. వీపు, తలపాగా, భుజం మీద గొంగడి, గుట్ట వైపు చాచిన చెయ్యి. ఎదురుగా పోలీసుల ముఖాలు నీడలో ఉన్నాయి. చూసేవాళ్లు ఆ మనిషి వెనకే నిలబడ్డట్టు ఉంటుంది. సారు చాలాసేపు చూసి, "మొదటి దానికంటె గిదే భయంగున్నది" అన్నాడు.

ఇక్కడ కొంచెం మా పని చెప్పాలి. పిన్ను కొట్టిన పుస్తకంలో ఒక కాగితం పూర్తిగా తీస్తే దాని జోడు కాగితం అవతల సగంలో ఊడిపోతుంది. అందుకని ఆ పేజీని మడత దగ్గర గోరంత వెడల్పు వదిలి బ్లేడుతో కోసి, ఆ వదిలిన పట్టీకి మైదా జిగురు రాసి, కొత్త పేజీ అతికించాలి. ఎక్కువ రాస్తే పక్క పేజీకి కూడా పట్టుకుంటుంది, తక్కువైతే వారంలో ఊడుతుంది. ఈ పనికి జీతం లెక్క కట్టొద్దని సేటుకు నేను ముందే చెప్పాను, పని గంటలయ్యాక సాయంత్రాలు కూర్చుంటానన్నాను. వదినె ఏమీ అనకుండా నా పక్కన కూర్చుంది. మిగతా ఇద్దరూ కూర్చున్నారు. రెండో రోజు సేటు అద్దాల గది నుంచి బయటికొచ్చి చూసి, "పొద్దుగాల నుంచే చెయ్యుండ్రి. గివి అయితె గాని వేరే పని లేదు" అని పోయాడు. నాలుగు రోజులు పట్టింది. కోసిన పేజీలన్నీ నేనే లెక్కపెట్టుకుని పొయ్యిలో పెట్టాను. ఒక్కో పేజీ మీద ఆ ముఖం పక్కకు చూస్తూనే ఉంది. ఎటు చూస్తున్నాడో ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి త్వరగా కాల్చలేకపోయాను.

బడిలో మళ్లీ పిల్లల్ని కూర్చోబెట్టారు. సారు మైకు పట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ తాత పేరు చెప్పి, ఆయన ద్రోహి కాదని, నోరు విప్పనివాడని చెప్పాడు. తర్వాత మైకు నా చేతికిచ్చాడు. మైకులో మాట్లాడటం నాకదే మొదలు. "ఆ తాత ఏడుస్తున్న తన బిడ్డను చూస్తున్నడు. నేను తెలియక తప్పు చెప్పిన" అన్నాను. ఇంకా చెప్పాలని చాలా అనుకున్నాను గానీ రాలేదు. ఒక పిల్లవాడు లేచి, "మరి చూపిచ్చినోడు ఎవరు?" అని అడిగాడు. సారు, "మాకు తెల్వదు" అన్నాడు. నేను నేల చూశాను. ఇంకొకడు కొత్త పేజీ చూసి, "ఎన్క నుంచి మా మేనమామ లెక్కున్నడు" అంటే అందరూ నవ్వారు.

పిల్లలు కొన్న పాత పుస్తకాలు తీసుకుని కొత్తవి ఇచ్చాం. కొన్నింటిలో ఆ ముఖం మీద అప్పటికే పెన్నుతో కొమ్ములు గీసి ఉన్నాయి, కళ్లు పొడిచి ఉన్నాయి. వాటిని ఎవరూ చూడకముందే సంచిలో వేసుకున్నాను. మూడు రాలేదు. ఒకటి హుజూర్‌నగర్‌లో చుట్టాలింటికి పోయిందంటే అక్కడికి పోయి తెచ్చాను. రెండు దొరకలేదు. ఇప్పటికీ ఎక్కడో ఉన్నాయి. మీలో ఎవరి ఇంట్లోనైనా పాత అల్మారాలో అట్లాంటిది కనిపిస్తే, గుట్ట వైపు చెయ్యి చాచిన మనిషి ముఖం కనబడితే, ఆయన ద్రోహి కాదు. అది మా తప్పు.

చివరగా ఒక కొత్త పుస్తకం, స్టూడియోలో పెద్దగా తీయించిన ఫోటో తీసుకుని పెద్దావిడ దగ్గరికి పోయాను. సారు కూడా వస్తానన్నాడు గానీ బస్సు దాకా వచ్చి ఆగిపోయాడు. ఇంకో మాట ఆయన నాతో పంపాడు. మళ్లీ అచ్చేస్తే, అంబలి తాగుతున్న దళం బొమ్మలో వడ్డించే మనిషికి ఆమె తండ్రి ముఖం పెడతాం, ఒప్పుకుంటుందేమో అడగమని.

"వద్దు" అంది ఆమె. "మా నాయిన ఎవ్వల పుస్తకంల ఉండాలని కొట్టిచ్చుకోలే. ఆయన ముఖం నా ఇంట్ల గోడకుంటది, చాలు."

ఫోటోను గోడకు తగిలించి వచ్చి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వేలు తడి చేసుకుని ఒక్కో పేజీ తిప్పింది. ఆ పేజీ దగ్గర ఆగింది. అతుకు ఊడుతుందేమోనని నేను దాని అంచునే చూస్తున్నాను. ఆమె ఆ వీపును, తలపాగాను, గొంగడి వేసుకున్న తీరును చూస్తోంది. చాలాసేపు చూసి, ఒకసారి తలెత్తి వీధి వైపు చూసింది.

"ఏంది పెద్దమ్మా? బాగ లేదా?"

"వీపైనా ఎవలదో ఒకలదే గద బిడ్డా" అంది.

వెయ్యి పుస్తకాలు కోసి అతికించిన చేతులు నావి. "ఇది గూడ మార్చాల్నా?"

ఆమె పుస్తకం మూసి, పక్కన పెట్టి, చీర కొంగు సర్దుకుంది.

"ఉండనీ. ఆ వీపును పోల్చేటోళ్లల్ల నేనొక్కదాన్నే మిగిలిన."